బుల్లెట్టుకి జ్వరమొస్తే...

2024 ఏప్రిల్‌లో శ్రీశైలం వెళ్తుంటే, మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలో పడ్డాక మా నాన్న బుల్లెట్టు పట్టేసింది. పట్టేయడం అంటే ఏమిటో అనుభవం లేనివాళ్ళకి చెప్తాను. బండి ఎనభైలో హాయిగా డుగ్గుడుగ్గు అంటూ పోతుంటుంది. ఎవరో కింద నుంచి లాగి పట్టుకున్నట్టు ఒక్కసారిగా వేగం పడిపోతుంది, ఆ వెంటనే వెనక చక్రం లాక్ అయి కీచుమంటుంది. చెయ్యి దానంతటదే క్లచ్ మీదకి పోయింది కాబట్టి సరిపోయింది. వెనకాల మా ఆవిడ, ఆ వెనకాల ఓ ముప్ఫై గజాల్లో ఆర్టీసీ బస్సు. బస్సు డ్రైవరు గారు హారన్ కొడుతూ పక్కనుంచి వెళ్ళిపోయారు. ఆయన కాస్త దగ్గరగా వస్తూ ఉండుంటే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు.

నాన్నకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. ఉంటే ఏమంటారో నాకు తెలుసు.. "ఒరే, చల్లారనిచ్చి కొట్టు". అదే చేశాం. ముప్పావు గంట చెట్టు కింద కూర్చుని, కోతులకి బిస్కెట్లు సమర్పించుకుని, డీకంప్రెషన్ లివర్ పట్టుకుని మెల్లగా కిక్కు తొక్కితే కదిలింది. రాత్రి తొమ్మిదికి గేట్లు వేసేస్తారన్న భయంతో నలభైలో పాక్కుంటూ తిరిగొచ్చేశాం. మల్లన్న దర్శనం అప్పటికి వాయిదా.

ఇంజన్ విప్పితే పిస్టన్ మీద ఎగ్జాస్ట్ వైపు గీతలు. అదృష్టం, బ్యారెల్‌కి పెద్దగా దెబ్బ తగల్లేదు, రుద్ది మళ్ళీ బిగించారు. కానీ అప్పుడే ఓ సంగతి తెలిసింది. 1989లో నాన్న కొన్న ఆ బండికి ఇప్పటికే రెండుసార్లు బోరింగ్ అయింది, ఇప్పుడున్నది నలభై సైజు పిస్టను. ఇంకోసారి బోరుకొస్తే అరవై, ఆ తర్వాత ఆ బ్యారెల్ పాత ఇనుముకే. కొత్త బ్యారెల్ బజార్లో దొరుకుతుంది, కాదనను. కానీ ముప్ఫై అయిదేళ్ళుగా నాన్న నడిపింది కొత్త బ్యారెల్‌ని కాదు కద. ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దాని మీదే తిరిగారు. నన్ను బడికి దింపిందీ, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళిందీ అదే. "నీకిచ్చాను, పాడు చెయ్యకు" అన్నది ఒక్క మాటే అయినా ఆ గీతలు చూసినప్పుడు కడుపులో తిప్పింది.

సరే, అసలు విషయానికొస్తే.. ఆ రోజు నుంచి పదిమందిని అడిగాను. తొమ్మిదిమంది చెప్పింది ఒకటే: "ఆయిల్ కూలర్ పెట్టించు". కారణం వినడానికి బాగానే ఉంటుంది. పాత బుల్లెట్టు గాలితో చల్లారే బండి. మన ఎండలు 42 డిగ్రీలు. కంపెనీ వాళ్ళే 2016లో వచ్చిన 411 సీసీ హిమాలయన్‌కి, 2018లో వచ్చిన 650 ట్విన్స్‌కి ఆయిల్ కూలర్ ఇచ్చారు. వాటికున్నది దీనికెందుకు ఉండకూడదు? మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, "కొత్త వెర్షన్‌లో ఉంది కాబట్టి పాతదానికీ బ్యాక్‌పోర్ట్ చేసేద్దాం" అనే మాటకి ఇట్టే పడిపోతాం. నేనూ పడ్డాను. కూలరు, గొట్టాలు, క్లాంపులు, కూలీ కలిపి తొమ్మిదిన్నర వేలు. ఊరు చెప్పను, కొట్టు పేరు అసలే చెప్పను.

చూడ్డానికి మాత్రం భలే ఉంటుందండీ. ముందు రెండు గొట్టాల మధ్య ఆ వెండిరంగు డబ్బా, పక్కనుంచి అల్లిక గొట్టాలు.. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండివాళ్ళు తొంగి చూస్తారు. మొదటి నెలలో రెండుసార్లు నూనె కారి ప్యాంటు పాడయింది, అది వేరే సంగతి. డిసెంబర్లో రాకర్ మూత విప్పితే లోపల తెల్లగా, మీగడలాంటి పదార్థం. ఆ తర్వాతి వేసవిలో, అంటే 2025 మే నెలలో, నల్గొండ రోడ్డు మీద మళ్ళీ అదే లక్షణం. వేగం పడిపోబోతుంటే ఈసారి ముందే క్లచ్ పట్టేశాను, లాక్ అవలేదు. తొమ్మిదిన్నర వేల కూలరు ముందర వేలాడుతూనే ఉంది.

ఇక్కడ నాకు నా మీదే కోపం వచ్చింది. రోజూ ఆఫీసులో చేసే పనేమిటి? సర్వర్ నెమ్మదించింది అని టికెట్ వస్తే, "ర్యామ్ పెంచేయండి" అని ఎవరైనా అంటే వాళ్ళని మీటింగులోనే కడిగేస్తాను. ముందు ప్రొఫైల్ చెయ్యి, ఏ క్వెరీ టైం తింటోందో చూడు, ఆ తర్వాత మాట్లాడు అంటాను. అదే పెద్దమనిషిని, సొంత బండి దగ్గరకొచ్చేసరికి ఒక్క థర్మామీటరు కూడా పెట్టకుండా హార్డ్‌వేర్ కొనేశాను.

కాబట్టి మొదలుపెట్టాను. రెండు థర్మోకపుల్ తీగలు, చవక మల్టీమీటరు, కాస్త వేడికి తట్టుకునే టేపు. మొత్తం ఖర్చు కూలర్ ఖర్చులో పదో వంతు కూడా లేదు. ఒక తీగ నూనె పోసే రంధ్రం గుండా నూనెలోకి. రెండోది హెడ్ మీద, ఎగ్జాస్ట్ వైపున్న బోల్టు కింద. బయట ఎండ 41, వేగం ఎనభై, ఓఆర్ఆర్ మీద బుల్లెట్లని రానివ్వరు కాబట్టి మళ్ళీ ఆ నల్గొండ రోడ్డే. అరగంట నడిపాక నూనె 101 డిగ్రీలు, హెడ్ 214. తర్వాత కూలర్‌ని తప్పించి రెండు గొట్టాలూ నేరుగా కలిపేసి, మర్నాడు అదే టైంకి అదే రోడ్డు మీద: నూనె 106, హెడ్ 215.

మరోసారి చదవండి. కూలర్ నూనెని అయిదు డిగ్రీలు చల్లార్చింది. హెడ్‌కి దాని సంగతే తెలియదు!

అసలు 106 అనేది జబ్బే కాదు. నూనె 90 నుంచి 110 మధ్య ఉండటం ఇంజన్‌కి మంచిది. 130 దాటి అలాగే ఉంటే మామూలు మినరల్ నూనె త్వరగా పాడవుతుంది. ఉజ్జాయింపు లెక్క ప్రకారం ప్రతి పది డిగ్రీలకీ ఆక్సిడేషన్ వేగం రెట్టింపవుతుంది. నా నూనె ఆ దరిదాపుల్లో లేదు. అంటే నేను తొమ్మిదిన్నర వేలు పెట్టి, లేని జబ్బుకి మందు వేశానన్న మాట.

హెడ్‌కి ఎందుకు తెలియలేదో కాగితం మీద లెక్క వేస్తే నవ్వొచ్చింది. పాత ఇనప ఇంజన్ బుల్లెట్టు అంటే 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సీసీ, 18 హార్స్‌పవర్. నూనె ట్యాంకు క్రాంక్‌కేస్‌లోనే ఒక గదిలా ఉంటుంది. క్రాంక్ చివరున్న మర మీద తిరిగే చిన్న పంపులు నూనెని లోపలికి పంపుతాయి, వాడాక వెనక్కి తోడతాయి. ఈ పంపులు 1940ల నాటి ఆలోచన. బేరింగులకి తడి అందించడం వాటి పని, వేడి మొయ్యడం కాదు. నా కూలర్‌ని బిగించింది హెడ్‌లోని రాకర్లకి నూనె తీసుకెళ్ళే బయటి పైపు మీద, అంటే మొత్తం నూనెలో కొంత భాగమే అటు పోతుంది. ఉదారంగా నిమిషానికి అర లీటరు అనుకుందాం. అర లీటరు నూనె అంటే దాదాపు 440 గ్రాములు. నూనె స్పెసిఫిక్ హీట్ సుమారు 2, నీటికి 4.2. కూలర్ గుండా పోయేటప్పుడు ఇరవై డిగ్రీలు తగ్గిందనుకుంటే, బయటికి పోయే వేడి సెకనుకి సుమారు 290 జౌళ్ళు. అంటే 290 వాట్లు. మన ఇంట్లో ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లు! ఎనభైలో పోయేటప్పుడు ఈ ఇంజన్ ఓ ఏడు కిలోవాట్ల పని చేస్తుందనుకుంటే, దాదాపు అంతే వేడిని రెక్కల ద్వారా గాలికి వదలాలి. ఏడు ఇస్త్రీపెట్టెల వేడిలో నా కూలర్ మోస్తున్నది ఒక ఇస్త్రీపెట్టెలో మూడో వంతు కూడా లేదు. మిగతాదంతా ఆ ఇనప రెక్కలే పాపం నోరెత్తకుండా మోస్తున్నాయి. (మా బండి రెక్కల మధ్య ఎన్నేళ్ళ మట్టి ఉందో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమితే తెలిసింది. దానిమీద ఎవరో దళసరిగా వేసిన నల్ల పెయింటు బోనస్.)

నూనెతో నిజంగా చల్లార్చాలనుకున్నవాళ్ళు ఎలా చేశారో చూడాలంటే 1985లో సుజుకీ తెచ్చిన జీఎస్ఎక్స్-ఆర్ 750ని చూడాలి. వాళ్ళు గాలితో చల్లారే ఇంజన్‌కి ముందర ఓ కూలర్ తగిలించి ఊరుకోలేదు. నూనె పంపుని రెండు గదులతో కట్టారు, ఒకటి బేరింగులకి ప్రెషర్‌తో, రెండోది కేవలం హెడ్‌ని చల్లార్చడానికి బోలెడంత నూనె ధారగా పొయ్యడానికి. పిస్టన్ల కిందకి జెట్లు పెట్టారు. అన్నీ అయ్యాక, ఆ వేడిని బయటికి తొయ్యడానికి చివర్న పెద్ద కూలర్. అక్కడ కూలర్ అనేది ఓ పూర్తి డిజైన్‌లో ఆఖరి ముక్క. మనం ఆ ఆఖరి ముక్కని మాత్రం ఊడబెరుక్కొచ్చి ఇక్కడ తగిలించి అప్‌గ్రేడ్ అంటున్నాం. 650 ట్విన్ సంగతీ అంతే, 648 సీసీలో 47 హార్స్‌పవర్ తీసే ఇంజన్, మొదట్నుంచీ ఆ కూలర్‌ని లెక్కలో పెట్టుకునే గీశారు. మన దగ్గరే ఇంకో మంచి ఉదాహరణ ఉంది. 2007లో వచ్చిన పల్సర్ 200కి ఆయిల్ కూలర్ ఇచ్చారు. దాని పవరెంతో తెలుసా? అదీ సుమారు 18 హార్స్‌పవరే, మా నాన్న బుల్లెట్టంతే. కాకపోతే ఆ పవరు 200 సీసీ చిన్న ఇంజన్ నుంచి, ఒకటిన్నర రెట్లకి దగ్గరగా తిరిగే వేగంతో వస్తుంది. అంత వేడిని వదలడానికి రెక్కల జాగా తక్కువ, కాబట్టి దానికి కూలర్ అవసరం. బుల్లెట్టుకి రెక్కలు పెద్దవి, పని నింపాది.

ఆ మీగడ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే కూలర్ అమ్మేవాళ్ళు దీని గురించి నోరెత్తరు. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీళ్ళు పుడతాయి. కెమిస్ట్రీ గుర్తున్నవాళ్ళు ఆక్టేన్ ఈక్వేషన్ రాసి చూసుకోండి, 114 గ్రాముల ఆక్టేన్‌కి 162 గ్రాముల నీరు. ఆ ఆవిరిలో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది కానీ, కొంత రింగుల పక్కనుంచి కిందకి జారి నూనెలో కలుస్తుంది. నూనె బాగా వేడెక్కితే అది మళ్ళీ ఆవిరై బ్రీదర్ గుండా పోతుంది. వేడెక్కకపోతే అక్కడే ఉండిపోయి నూనెతో కలిసి మజ్జిగ చిలికినట్టు తెల్లగా అవుతుంది. నేను కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడకి ఎనిమిది కిలోమీటర్లు పోతాను. చలికాలం పొద్దున్న అంత దూరానికి కూలర్ లేకపోయినా నూనె పూర్తిగా వేడెక్కదు. ఎక్కే ఆ కాస్త వేడినీ నా కూలర్ గాలికి ధారపోసింది. థర్మోస్టాట్ ఉన్న కూలరైతే ఈ బాధ తప్పుతుంది, వేడెక్కేదాకా నూనెని దాని జోలికి పోనివ్వదు. నాకు అమ్మిన కిట్‌లో థర్మోస్టాట్ లేదు. నేను అడగలేదు కూడా, అలాంటిది ఒకటుంటుందని తెలిస్తే కద అడగడానికి :-)

పోనీ హైదరాబాద్ ట్రాఫిక్‌లో అయినా పనికొస్తుందా అంటే, ఫ్యాను లేని కూలరుకి గాలి తగిలితేనే పని. బయో డైవర్సిటీ జంక్షన్‌లో ఇరవై నిమిషాలు నిలబడ్డప్పుడు అది అలంకారం మాత్రమే.

మరి అసలు జబ్బేమిటి? ఇది నేను కనిపెట్టాను అని చెప్పుకోవాలని ఉంది కానీ, కనిపెట్టింది పాతబస్తీలో ఓ ముసలి ఉస్తాద్. నా ఎక్సెల్ షీటు చూపించబోతే చేత్తో పక్కకి తోసి, కూలర్ వంక ఓసారి చూసి, "ఏం సార్, జ్వరమొస్తే ఫ్యాన్ పెట్టుకుంటరా, ఎందుకొచ్చిందో చూడరా?" అన్నాడు. పాయింట్ల మూత విప్పి, లోపలున్న ఆటో అడ్వాన్స్ బరువుల్ని వేలితో లాగాడు. కదల్లేదు. తుప్పు పట్టి అతుక్కుపోయాయి.

వేగం పెరిగేకొద్దీ స్పార్కు కాస్త ముందుగా పడాలి. మంట పూర్తిగా అంటుకోవడానికి టైం కావాలి కాబట్టి. ఆ పని చేసేవి స్ప్రింగులతో కట్టిన ఈ బరువులు. అవి బిగుసుకుపోతే ఐడ్లింగ్‌లో బండి బంగారంలా ఉంటుంది, ఎనభైలో స్పార్కు ఆలస్యంగా పడుతుంది. పిస్టన్ కిందకి దిగిపోతుంటే ఇంకా మండుతూనే ఉంటుంది. ఆ వేడి పనిగా మారకుండా సిలిండర్ గోడకీ, ఎగ్జాస్ట్ వాల్వ్‌కీ, పైపుకీ పోతుంది. దానికితోడు పవర్ తగ్గింది కాబట్టి అదే వేగానికి మనం ఇంకాస్త యాక్సిలేటర్ తిప్పుతాం. పిస్టన్ మీద గీతలు ఎగ్జాస్ట్ వైపే ఎందుకున్నాయో, పైపు మొదట్లో నీలం రంగు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. లాగ్స్ అన్నీ కళ్ళముందే ఉన్నాయి, చదవలేదు, అంతే.

ఉస్తాద్ వాటిని కిరసనాయిల్లో కడిగి, స్ప్రింగులు మార్చి బిగించాడు. మూడొందలు తీసుకున్నాడు. మళ్ళీ అదే రోడ్డు, కూలర్ లేకుండానే: నూనె 99, హెడ్ 192.

ఇక్కడితో ఆపొచ్చు కానీ ఇంకో అనుమానం ఉండిపోయింది. ఈ బండి కార్బ్యురేటర్ జెట్ ఎంచుకున్న రోజుల్లో పెట్రోలంటే పెట్రోలే. 2025 నాటికి దేశమంతా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 వచ్చేసింది. పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిదే చాలు. కొత్త బళ్ళల్లో ఆక్సిజన్ సెన్సరు చూసుకుని కంప్యూటరే సర్దుకుంటుంది. మా బుల్లెట్టులో ఉన్నది ఒక కన్నం. ఆ కన్నం గుండా అదే పరిమాణం పోతే మిశ్రమం ఏడెనిమిది శాతం పలచబడుతుంది. ఫుల్ లోడ్ మీద పలచబడితే హెడ్ ఇంకా వేడెక్కుతుంది. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి మళ్ళీ కొలిస్తే హెడ్ 183. నూనె 97. జెట్ ఖరీదు చెప్తే మీరు నన్ను చూసి నవ్వుతారు.

మొత్తం మీద హెడ్ వేడి 32 డిగ్రీలు తగ్గింది, నూనె 9 తగ్గింది, కూలర్ లేకుండా.

ఇదంతా చదివి "వీడు ఆయిల్ కూలర్లకి వ్యతిరేకి" అనుకోకండి. బోరు పెంచి 535 చేసుకున్నవాళ్ళున్నారు, లడఖ్‌కి రెండు పెట్టెలూ ఇంకో మనిషీ వేసుకుని గంటలకొద్దీ లోడ్ మీద పోయేవాళ్ళున్నారు. నూనెలో థర్మామీటరు పెట్టి 125, 130 చూసినవాళ్ళు తప్పకుండా పెట్టించుకోవాలి. కాకపోతే థర్మోస్టాట్‌తో, రాకర్లకి పోయే పైపు మీద కాకుండా ట్యాంకుకి తిరిగొచ్చే దారిలో పెట్టించుకోండి. ఆ దారిలో అయితే కూలరు ఎక్కడైనా మూసుకుపోయినా రాకర్లు ఎండిపోవు. నూనె లెవెలు కూలర్ నిండాక మళ్ళీ చూసుకోండి. గొట్టం ఎగ్జాస్ట్ పైపుకి తగలకూడదు, నా మొదటి లీకు అక్కడే. నా గొడవల్లా కొలవకుండా పెట్టించేవాళ్ళతోనే, అందులో మొదటివాణ్ణి నేనే. నాకు సలహా ఇచ్చిన ఆ తొమ్మిదిమందిలో ఒక్కడు కూడా "నూనె ఎంత వేడి ఉంది?" అని అడగలేదు. పదోవాడు ఎవరంటారా? నాన్న. "పాయింట్లు చూపించావా?" అని 2024లోనే అడిగారు. మనం బీటెక్ కద, వినలేదు.

కూలర్ ఇప్పుడు అటక మీద ఉంది. కొట్టువాణ్ణి అడిగితే సగం ధరకి కూడా తీసుకోనన్నాడు. మొన్న దసరాకి బండి మీదే నరసరావుపేట వెళ్ళాం, మా ఆవిడ కాస్త భయపడుతూనే ఎక్కింది. దారిలో హాలియా దగ్గర టీకి ఆగినప్పుడు అలవాటుకొద్దీ మీటరు తీసి చూస్తుంటే "ఎంతుంది?" అనడిగింది. తొంభై ఆరు అన్నాను. ఇంటికెళ్ళాక నాన్న బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, పైపు మీద నీలం రంగు చూసి "ఇదెప్పుడొచ్చింది?" అన్నారు. చెప్పాను, కూలర్ సంగతి తప్ప.